కాయకం

12వ శతాబ్దంలో కన్నడ దేశపు కల్యాణ పట్టణంలో బసవేశ్వరుడు, తోటి శివశరణులు ఆచరించి చూపిన సిద్ధాంతం. బతుకుతెరువు కోసం నిజాయితీగా చేసే ఏ పనైనా శివపూజేనని దీని సారం. బట్టలుతికే మడివాళ మాచయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, తాళ్లు పేనే నులియ చందయ్య తమ వృత్తుల్లో ఉంటూనే వచనాలనే భక్తి రచనలు చెప్పారు. ఇలాంటి శరణుల్లో పలువురి కథలు పాల్కురికి సోమనాథుని బసవపురాణం ద్వారా ద్విపదలో తెలుగువారికీ చేరాయి.

పనిని పూజ అనడం శ్రమజీవిని కులవృత్తికి కట్టిపడేయడమేనన్న ఆక్షేపణ బలమైనదే. ఆ మాటను తమ లాభానికి వాడుకునే యజమానులు ఎప్పుడూ ఉంటారు. అయితే శరణులు సంపాదనకూ హద్దు పెట్టారు. రాలిన బియ్యం ఏరుకొచ్చే మారయ్య ఒకనాడు అవసరానికి మించి తెస్తే, భార్య లక్కమ్మ తిరిగి ఇచ్చి రమ్మన్నదని సంప్రదాయం. మిగులు దాసోహానికే, అంటే పదిమందికే చెందాలి. పైగా బ్రాహ్మణుడైన మధువరసు కూతురికీ, చెప్పులు కుట్టే హరళయ్య కొడుకుకూ జరిగిన పెళ్లే కల్యాణ పట్టణంలో అల్లకల్లోలం రేపిందని శరణ కథలు చెబుతాయి. కులాన్ని కాపాడే సిద్ధాంతమే అయితే ఆ పెళ్లిపై కల్యాణాన్ని ఏలే బిజ్జలుని కొలువుకు అంత ఆగ్రహం ఎందుకు వచ్చినట్టు?