బిడ్డ ఎవరి దగ్గర?

తలాక్ అయిన ఇంట్లో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? కర్నూలు, కడప జిల్లాల జమాత్ పంచాయతీల్లో ఈ ప్రశ్నకు తరచుగా వినిపించే జవాబు ఒకటే: బిడ్డ తండ్రిది. ఉర్దూ ఇళ్లలోనైనా, తెలుగే ఇంటిభాష అయిన దూదేకుల ఇళ్లలోనైనా ఈ మాటకు ‘షరియత్’ అనే ముద్ర వేస్తారు.

షరియత్ అంత మాత్రమే చెప్పలేదు. హనఫీ న్యాయంలో రెండు వేర్వేరు హక్కులున్నాయి. బిడ్డను దగ్గర పెట్టుకుని పెంచడం హిజానత్. బిడ్డ ఆస్తికీ, పెళ్లికీ బాధ్యత వహించడం విలాయత్. విలాయత్ తండ్రిది. హిజానత్ తల్లిది: కొడుక్కి ఏడేళ్లు నిండేదాకా, కూతురు ఈడేరేదాకా. తల్లి లేకపోతే ముందుగా నానీకి ఆ హక్కు వస్తుంది. బిడ్డ తల్లి దగ్గరున్నా ఖర్చు తండ్రిదే. తల్లి బయటివాణ్ణి మళ్లీ పెళ్లాడితే హిజానత్ పోతుందన్న షరతూ ఉంది. మన పెద్దలకు ఆ షరతు గుర్తున్నంత బాగా తండ్రి పెట్టాల్సిన ఖర్చు గుర్తుండదు.

ఈ మరుపుకు చరిత్ర ఉంది. 1800లో నిజాం కడప ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. 1839లో కంపెనీ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది. కంపెనీ కోర్టుల్లో తెల్లదొరకు ఇస్లామీయ న్యాయం విప్పి చెప్పడానికి ముస్లిం న్యాయాధికారులుండేవారు. 1864 చట్టం ఆ ఉద్యోగాలను తీసేసింది. 1880 ఖాజీల చట్టం మొదట మన మద్రాసు ప్రెసిడెన్సీకే వర్తించింది. అది ఖాజీని నియమించమంది గానీ తీర్పు చెప్పే అధికారం ఇవ్వలేదు. నికా చదివే ఖాజీ మిగిలాడు, న్యాయం చెప్పే ఖాజీ పోయాడు. ఆ ఖాళీలో మగవాళ్ల పంచాయతీ కూర్చుంది.

కోర్టు దారి వేరు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ మతన్యాయాన్ని గమనిస్తూనే బిడ్డ క్షేమం చూడమంది. తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చంది. 1937 షరియత్ చట్టం వచ్చాక కూడా ఈ కొలత చెదరలేదు. తల్లిని పోగొట్టుకున్న పిల్లలను తల్లివైపు వాళ్ల దగ్గరే తాత్కాలికంగా ఉంచుతూ 2010లో సుప్రీంకోర్టు, అతర్ హుస్సేన్ కేసులో, ఈ సంగతే చెప్పింది. 1986 చట్టాన్ని చూపి, బిడ్డకు రెండేళ్లు దాటితే తండ్రి పైసా ఇవ్వనక్కరలేదన్న వాదనను 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో కొట్టేసింది. బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కుందని 2020లో యశితా సాహు కేసులో అంది. అంటే, తండ్రి వచ్చి చూసిపోవడం తల్లి దయ కాదు, తల్లిని చూడనివ్వడం తండ్రి దయా కాదు. అది బిడ్డ హక్కు.

2019 తలాక్ చట్టం బిడ్డను తల్లికిచ్చే మాట రాస్తూనే, తండ్రికి మూడేళ్ల దాకా జైలు కూడా రాసింది. ముస్లిం ఆడవాళ్ల కష్టాన్ని మన మీదికి కర్రలా ఎత్తేవాళ్లున్నారు, నిజమే. కానీ ఆ కర్రను వాళ్ల చేతికి అందిస్తున్నదెవరు? షరియత్‌ను కాపాడాలని బజారులో వాదించే మనం, అదే షరియత్‌లో అమ్మీకున్న వాటాను ఇంట్లో ఎగ్గొడితే ఎట్లా? జమాత్ పెద్దలు ఈసారి బిడ్డ సంగతి తేల్చేటప్పుడు, తండ్రి నెలకెంత ఇస్తాడన్నది ముందు కాయితం మీద రాయించాలి. తల్లిని కూడా సభలో కూర్చోబెట్టి అడగాలి.