ఆంధ్ర విద్యార్థిని లేఖ (1939): వీధి వేధింపులు – సమాజ స్పందన

1938 డిసెంబర్ 31 నాటి ‘హరిజన్’ పత్రికలో గాంధీజీ విద్యార్థుల ప్రవర్తనను నిరసిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. పంజాబుకు చెందిన ఒక కళాశాల విద్యార్థిని రాసిన ఉత్తరం దానికి ఆధారం. బయటకు వెళ్లే ఆడపిల్లలను యువకులు వెంబడించి అసభ్యంగా మాట్లాడుతున్నారని, అటువంటి సమయంలో అహింసను నమ్మిన స్త్రీ ఏం చేయాలని ఆమె అడిగింది. సైకిలు మీద వచ్చి వేధించబోయిన వ్యక్తి పైకి ఒక యువతి చేతిలోని బరువైన పుస్తకాన్ని విసిరి గద్దించిందని, అతడు వేగం పెంచి పారిపోయాడని ఒక సంఘటననూ వివరించింది.

గాంధీజీ సమాధానంలో రెండు పాయలున్నాయి. ఇటువంటి దుష్ప్రవర్తనను దాచిపెట్టకూడదని, దోషుల పేర్లు తెలిస్తే పత్రికల్లో ప్రకటించాలని, ప్రజాభిప్రాయాన్ని మించిన శిక్ష లేదని, బాలికలు ఆత్మరక్షణ నేర్చుకోవాలని మొదటి పాయ చెబుతుంది. రెండవ పాయ దిశ వేరు. ఆధునిక యువతికి అరడజను మంది రోమియోలకు జూలియట్‌గా ఉండటం ఇష్టమని, ఆమె ఎండవానల నుండి కాపాడుకోవడానికి కాక పదిమంది దృష్టిని ఆకర్షించడానికి దుస్తులు ధరిస్తుందని ఆయన వ్యాఖ్యానించారు. ఉత్తరం రాసిన యువతిని ఈ కోవ నుండి మినహాయించారు. అయినప్పటికీ చర్చ వేధించినవాని నడత నుండి వేధింపుకు గురైన స్త్రీ వేషధారణ వైపు మళ్లింది.

ఈ మళ్లింపును అప్పుడే గుర్తించిన వారున్నారు. పదకొండుమంది యువతుల తరఫున గాంధీజీకి ఒక ప్రత్యుత్తరం వెళ్లింది. స్త్రీలు గడప దాటి జీవితభారంలో సమభాగం పంచుకుంటున్న కాలంలో, పురుషుల చేతిలో అవమానం పొందినప్పుడు కూడా నింద వారి మీదనే పడటం విచిత్రమని వారు ఆక్షేపించారు. కొన్ని సందర్భాల్లో తప్పు ఇరువైపులా ఉండవచ్చునని ఒప్పుకుంటూనే, జూలియట్ ఉన్నదంటే ఆమెను వెతుకుతూ వీధుల్లో తిరిగే అరడజను మంది రోమియోలు ముందే ఉన్నారని అర్థం కదా అని ఎత్తిచూపారు. గాంధీజీ ఉపమానాన్నే తీసుకొని దానిలోని లోపాన్ని బయటపెట్టిన ఈ వాదం ఆ సంవాదం మొత్తంలో తర్కబద్ధమైన భాగం. గాంధీజీ చేసిన సమర్థన దానికి దీటుగా లేదు. ‘ఆధునిక యువతి’ అన్న మాటను తాను ప్రత్యేకార్థంలో వాడానని, ఆంగ్లవిద్య పొందిన వారందరూ ఆ కోవకు చెందరని ఆయన వివరించారు.

ఈ సమాధానం 1939 ఫిబ్రవరి 4 నాటి ‘హరిజన్’లో వెలువడింది. తెలుగువారి సామాజిక చరిత్రకు విలువైన అంశం దాని చివరి భాగంలో ఉంది. ఆ పదకొండుమంది లేఖ అందిన సమయంలోనే ఒక ఆంధ్ర విద్యార్థిని నుండి కూడా తనకు ఉత్తరం వచ్చిందని, ఆమె వర్ణించిన ఆంధ్ర విద్యార్థుల ప్రవర్తన లాహోరు యువతి చెప్పినదానికంటే హీనంగా ఉందని గాంధీజీ తెలియజేశారు. తన స్నేహితురాళ్లు నిరాడంబరంగా దుస్తులు ధరిస్తున్నా అది వారికి ఏ రక్షణా ఇవ్వడం లేదని ఆమె రాసింది. ఆ అబ్బాయిల దురాగతాన్ని బయటపెట్టే ధైర్యం మాత్రం వారికి చాలడం లేదు. ఈ ఫిర్యాదును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అధికారుల దృష్టికి తెస్తున్నట్లు గాంధీజీ పేర్కొన్నారు.

ఈ నాలుగు వాక్యాల ప్రస్తావనకు స్త్రీల చరిత్రలో తగిన స్థానం దక్కలేదు. పదకొండుమంది యువతులు తర్కంతో ఖండించిన వాదాన్ని ఆంధ్ర విద్యార్థిని అనుభవంతో ఖండించింది. వస్త్రధారణే కారణమైతే నిరాడంబర వస్త్రధారణ నివారణ కావాలి. అది కాలేదని ఆమె సాక్ష్యం. గాంధీజీ దానిని నిజాయితీగా ప్రకటించారు గాని, దాని వెలుగులో తన పూర్వాభిప్రాయాన్ని పునఃపరిశీలించలేదు. అయితే ఆమె లేఖను విన్నాక ఆయన చేసిన పని చిన్నది కాదు. సమస్యను యువతుల గుణగణాల నుండి తప్పించి, ఒక విద్యాసంస్థ పాలకుల బాధ్యతగా నిలబెట్టారు. 1926లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయానికి అప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షులు. ఊరి కోసం ప్రాణత్యాగం చేసిన స్త్రీని కావ్యనాయికను చేసిన ‘ముసలమ్మ మరణము’ కర్త కూడా ఆయనే కావడం యాదృచ్ఛికం.

ఆ విద్యార్థినులకు ధైర్యం చాలకపోవడానికి కారణాన్ని తెలుగు భాషలోనే వెతకవచ్చు. వీధిలో స్త్రీని వేధించడానికి వాడుకలో ఉన్న మాట ‘అల్లరి చేయడం’. పసిపిల్లల చేష్టలకూ ఇదే మాట. ‘ఏడిపించడం’ అన్నదీ అంతే. బావామరదళ్ల పరిహాసానికీ, బస్సులో అసభ్య స్పర్శకూ అదే క్రియ. వేధించేవాడు పత్రికల్లో ‘ఆకతాయి’ అవుతాడు. కాని సంగతి బయటపడితే ‘అల్లరిపాలు’ అయ్యేది స్త్రీ. చేసినవానికి చిలిపితనాన్ని, పడినదానికి అపకీర్తిని ఒకే మాట పంచిపెట్టడం గమనార్హం. చదువు మాన్పిస్తారన్న భయం కూడా దీనికి తోడైనప్పుడు మౌనం పిరికితనం అనిపించుకోదు. అది చదువును కాపాడుకునే ఉపాయం.

తరువాతి కాలంలో స్థిరపడిన ‘ఈవ్‌టీజింగ్’ అన్న మాట కూడా ఈ తేలికదనాన్నే మోసింది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలోని 354, 509 సెక్షన్లు ఇటువంటి చర్యలను నేరంగానే చూసినా, వాటి కేంద్రంలో ఉన్నది స్త్రీ ‘మర్యాద’కు భంగం అన్న భావన. 1998లో చెన్నైలో ఆటోలో వచ్చిన యువకుల వేధింపుకు గురైన ఒక కళాశాల విద్యార్థిని మరణించిన తరువాత తమిళనాడు ఈవ్‌టీజింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఆ చట్టం పేరులోని ‘ఈవ్‌టీజింగ్’ స్థానంలో అనంతరం ‘స్త్రీ వేధింపు’ అన్న మాట చేరింది. 2013 సవరణతో లైంగిక వేధింపు 354ఎ గాను, వెంటాడటం 354డి గాను శిక్షాస్మృతిలో చోటు చేసుకున్నాయి. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇవి 75, 78 సెక్షన్లు. ‘మర్యాద’ భావన 74, 79 సెక్షన్లలో నేటికీ కొనసాగుతోంది.

సంస్థల బాధ్యత అన్న అంశం 2012 నవంబర్ 30న సుప్రీంకోర్టు తీర్పులో మళ్లీ వినిపించింది. తమిళనాడులోని తెన్‌కాశి బస్టాండులో ఒక వివాహితను పోలీసు కానిస్టేబులే వేధించిన ఉదంతమది. క్రిమినల్ విచారణలో బాధితురాలు, ఆమె భర్త సహా సాక్షులు ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగా నిలబడలేదు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. శాఖాపరమైన విచారణ ఆధారంగా అతని ఉద్యోగ తొలగింపును మాత్రం న్యాయస్థానం సమర్థించింది. ఆ సందర్భంగానే విద్యాసంస్థలు, సినిమాహాళ్లు, ప్రార్థనా మందిరాల నిర్వాహకులు తమ ఆవరణలో వేధింపులను నివారించాలని, ఫిర్యాదు వస్తే పోలీసులకు తెలపాలని, బస్సులో వేధింపు జరిగితే సిబ్బంది బస్సును సమీప పోలీసు స్టేషనుకు తీసుకువెళ్లాలని ఆదేశించింది. బస్టాండ్ల వంటి చోట్ల సాధారణ దుస్తుల్లో మహిళా పోలీసులను నియమించాలన్నది మరొక ఆదేశం. 2014 అక్టోబర్ 24న హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ ఇదే పద్ధతిలో పనిచేస్తున్నాయి. మఫ్టీలో ఉన్న పోలీసులే వేధింపును చూసి చిత్రీకరిస్తారు గనుక, సాక్ష్యం భారమంతా బాధితురాలి మీద పడదు. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు గోప్యంగా ఉంటుంది. 1939లో ఆ ఆంధ్ర విద్యార్థిని స్నేహితురాళ్లకు లేనిది ఈ వెసులుబాటే.