మిద్దె మెట్లు మార్చిన కథ

మా జార్జి టౌన్ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళంతా ఒక్కసారైనా మిద్దె మెట్ల మీంచి జారిపడ్డవాళ్ళే. ఎక్కేటప్పుడు గోడకు చెయ్యి ఆనించాలి, దిగేటప్పుడు పాదం అడ్డంగా పెట్టాలి, తల వంచకపోతే దూలం తగులుతుంది. "ఇవి మెట్లు కాదురా, నిచ్చెన" అనేది అవ్వ. ఆమె తుంటి విరిగిన రోజు మంచంతో దించుదామంటే ఆ సందులో మంచం పట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నాయన పైనుంచీ, చిన్నాయన కిందనుంచీ పట్టుకుని ఒక్కో మెట్టూ దించారు. ఆ కేకలు మాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి.

మన పెద్దలు మెట్లు ఇంత ఇరుకుగా ఎందుకు కట్టారంటే, స్థలమే అలాంటిది. 18వ శతాబ్దం మధ్యలో కోట రక్షణ కోసం పాత బ్లాక్ టౌన్‌ను పడగొట్టాక, జనం పెద్దనాయకన్‌పేట, ముత్యాలుపేట వైపు సర్దుకున్నారు. దీనికే 1911లో జార్జి టౌన్ అని పేరు పెట్టారు. వీధివైపు కురచ, లోపలికి పొడుగు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. గదులకు పోగా మిగిలిన మూలే మెట్లకు దక్కేది. మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళు, సామాన్లు పెట్టుకునేవాళ్ళు. అక్కడ ఒక సంసారమే కాపురం ఉంటుందని కట్టినప్పుడు ఎవరూ అనుకోలేదు.

పంపకాలయ్యాక అదే జరిగింది. కింద అంగడికి అద్దె, పైన రెండు కుటుంబాలు, దిగడానికి మాత్రం ఆ ఒక్క నిచ్చెన.

మెట్లు మార్చాలనగానే చిన్నాయన, "మన ఇల్లు, మన మెట్లు, ఎవరినడగాలి?" అన్నాడు. అడగాల్సిందే. 1919 నాటి మద్రాసు మునిసిపల్ చట్టంలోనే మార్పులకూ చేర్పులకూ కొత్త కట్టడానికున్న నియమాలే వర్తించేవి. కొలతలు మారని మామూలు రిపేరుకే మినహాయింపు. అరిగిన చెక్క తీసి అదే కొలతకు కొత్త చెక్క వేస్తే అది రిపేరు. మెట్ల దారి చోటు మారినా, వెడల్పు మారినా అది మార్పే. ఇప్పుడు తమిళనాడులో 2019 నాటి ఉమ్మడి కట్టడాల నియమాలు నడుస్తున్నాయి. దేశం మొత్తానికి దారి చూపేది నేషనల్ బిల్డింగ్ కోడ్. అది 1970లో మొదట వచ్చింది, తర్వాత 1983, 2005, 2016లలో సవరించారు. కోడ్ తనంతట తాను చట్టం కాదు, రాష్ట్రాల నియమాల ద్వారానే అమల్లోకి వస్తుంది.

నివాసపు ఇళ్ళకు కోడ్ చెప్పే ముఖ్యమైన లెక్క ఇది: మెట్ల దారి వెడల్పు మీటరుకు తగ్గకూడదు, అడుగు పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే ఇంచుమించు పది అంగుళాల పాదం, ఏడున్నర అంగుళాల ఎత్తు.

మా పాత మెట్లు కొలిచాం. పన్నెండడుగుల ఎత్తుకు 16 మెట్లు, ఒక్కోటి తొమ్మిది అంగుళాల ఎత్తు, పాదానికి ఎనిమిది అంగుళాలు, వెడల్పు రెండున్నర అడుగులు. మొత్తం పట్టిన చోటు 25 చదరపు అడుగులు. కోడ్ ప్రకారం అయితే 20 మెట్లు కావాలి. మధ్యలో ల్యాండింగ్ పెట్టి మలిపితే సుమారు పదకొండడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు పడుతుంది. మూడింతల చోటు! కొట్టుగది పోతుంది.

గొడవంతా అక్కడే. గది పోకుండా ఇనుప గుండ్రం మెట్లు పెడదామన్నాడు చిన్నాయన. బయటి నుంచి తప్పించుకునే దారిగా వాటిని కోడ్ గట్టిగానే కట్టడి చేస్తుంది: కొద్దిమందే ఉండాలి, కట్టడం తొమ్మిది మీటర్లు దాటకూడదు, మెట్ల వ్యాసం 1.5 మీటర్లకు తగ్గకూడదు. దానికన్నా పెద్ద ప్రశ్న అమ్మ అడిగింది: "కుర్చీలో అవ్వను దాంట్లో దించగలిగేవాళ్ళా?" ఎవరూ మాట్లాడలేదు.

ఆ మౌనంలో కుంభకోణం కూడా ఉంది. 2004 జులై 16న అక్కడి బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు పోయారు. పై అంతస్తులో చిక్కుకున్నవాళ్ళకు దిగడానికి ఉన్నది ఇరుకు మెట్ల దారి. మన ఇల్లు బడి కాదు, నిజమే. కానీ కింద అంగడి సరుకుంది, పైన పిల్లలున్నారు. మార్పు చేసేటప్పుడు బయటికి పోయే దారుల సంఖ్య, వెడల్పు, రక్షణ ఉండాల్సినదానికన్నా తగ్గకూడదని కోడ్ చెప్పేది ఇందుకే.

పనిలో ఇంకో సంగతి తెలిసింది. మనవి మద్రాసు మిద్దెలు: టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టినవి. మెట్ల కంత పెద్దది చెయ్యాలంటే దూలాలు కోయాలి. కోసిన కొనలకు ముందే అడ్డదూలం ఆసరా ఇవ్వకపోతే మిద్దె కుంగుతుంది. మేస్త్రీ "నేను చూసుకుంటా" అన్నా, ఇంజనీరు గీసిచ్చాకే రంపం పెట్టనిచ్చాం.

కొట్టుగది పోయింది. అద్దె కొంత తగ్గింది, చిన్నాయన ఆర్నెల్లు ముభావంగానే ఉన్నాడు. పోయినేడు ఆయన మోకాలి ఆపరేషనయ్యి ఇంటికొచ్చినప్పుడు కొత్త మెట్లెక్కి, ల్యాండింగ్ దగ్గర కాసేపు ఆగి, కడ్డీ పట్టుకుని తనంతట తానే పైకొచ్చాడు. దాని గురించి ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

మీ పాత ఇళ్ళలోనూ ఇలాంటి మెట్లుంటే, మేస్త్రీని పిలిచే ముందు ఒక టేపు తీసుకుని కొలవండి. అనుమతి కాగితం, ప్లాను కాపీ ఇంటి దస్తావేజులతో పాటే పెట్టండి. రేపు పంచుకునేవాళ్ళకు అవీ ఆస్తే.