అభ్యసన శైలులు

విద్యార్థులందరూ ఒకే తీరున నేర్చుకోరనీ, ఎవరి తీరును బట్టి వారికి బోధిస్తే చదువు బాగా వంటబడుతుందనీ చెప్పే సిద్ధాంతాలను అభ్యసన శైలుల సిద్ధాంతాలు అంటారు. 1970ల నుంచి ఇవి ఉపాధ్యాయ శిక్షణలో విస్తారంగా చోటు సంపాదించాయి. 2000 తర్వాత వెలువడిన సమీక్షలు మాత్రం వీటి ప్రధాన వాదానికి తగిన ఆధారం లేదని తేల్చాయి. పిల్లల మధ్య తేడాలను గుర్తించి బోధించాలన్న ఆశయం చెక్కుచెదరలేదు. ఆ తేడాలను ఎక్కడ వెతకాలన్న విషయంలోనే అవగాహన మారింది.

తొలి ప్రయత్నాలు

పిల్లల స్థాయిని బట్టి బోధించడం పాత పద్ధతే. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఆ జిల్లాలోని తెలుగు, కన్నడ వీధి బడులను వర్ణించింది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. వారిని చదువులో సాధించిన ప్రగతిని బట్టి జట్లుగా విడదీసేవారు. కింది జట్ల బాధ్యతను కొంతవరకు పై విద్యార్థులకు అప్పగించేవారు.

1907లో రోమ్‌లో తొలి బాలగృహాన్ని తెరిచిన మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లల చేత తడిమించి చదువు నేర్పారు. అమెరికాలో గ్రేస్ ఫెర్నాల్డ్, చదవడంలో వెనుకబడిన పిల్లలకు చూపు, వినికిడి, స్పర్శ, కదలికలను కలిపి పదాలు నేర్పే విధానాన్ని రూపొందించి, 1943లో పుస్తకంగా ప్రచురించారు. ఈ ఇద్దరూ ఒకే బిడ్డకు అనేక ఇంద్రియాల ద్వారా బోధించారు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క ఇంద్రియాన్ని కేటాయించలేదు.

నమూనాల విస్తరణ

మనుషులను ఆలోచనా తీరును బట్టి వర్గీకరించే పని మనోవిజ్ఞాన ప్రయోగశాలల్లో ఊపందుకుంది. చీకటి గదిలో పక్కకు వాలిన చట్రం మధ్య ఉన్న కడ్డీని నిటారుగా నిలపమని అడిగి, పరిసరాల ప్రభావానికి ఎవరు ఎంతగా లోనవుతారో హెర్మన్ విట్‌కిన్ పరిశీలించారు. క్షేత్ర ఆధారితులు, క్షేత్ర స్వతంత్రులు అన్న విభజన అలా వచ్చింది.

1970లలో రీటా డన్, కెన్నెత్ డన్ దంపతులు వెలుతురు, శబ్దం, గది ఉష్ణోగ్రత, ఒంటరిగా చదవడం, తోటివారితో చదవడం వంటి ఇష్టాలనూ శైలిలో భాగం చేశారు. డేవిడ్ కోల్బ్ 1976లో తన శైలి పట్టికను వెలువరించి, 1984 నాటి గ్రంథంలో అనుభవం, పరిశీలన, భావన, ప్రయోగం అనే నాలుగు దశల చక్రాన్ని విపులీకరించారు. న్యూజిలాండ్‌లో బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్‌తో కలిసి 1992లో దృశ్య, శ్రవణ, పఠన–లేఖన, చలన అనే నాలుగు విభాగాల నమూనాను వివరించారు. విద్యార్థి తన చదువు తీరు గురించి తానే ఆలోచించుకోవడానికి తమ ప్రశ్నావళి తోడ్పడాలన్నది వారి ఉద్దేశం. తరగతి గదుల్లో మాత్రం అది పిల్లలను వర్గాలుగా విడదీసే సాధనమైంది.

హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని కూడా చాలామంది వీటితో కలిపేశారు. ప్రజ్ఞ వేరు, శైలి వేరని ఆయన తర్వాత స్పష్టం చేశారు. ఇంతటి ఆదరణ వెనుక ఒక మానవీయ కారణం ఉంది. వెనుకబడిన విద్యార్థిని మొద్దు అని తోసిపుచ్చకుండా, బోధనలోనే లోపం ఉండవచ్చని చూడమని ఈ భావన ఉపాధ్యాయులకు చెప్పింది.

పరీక్షకు నిలవని వాదం

అభ్యాసకుడి లక్షణానికీ బోధన పద్ధతికీ మధ్య ఉండే సంబంధాన్ని నిశితంగా పరిశీలించాలని లీ క్రాన్‌బాక్ 1957లోనే పిలుపునిచ్చారు. 2004లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం 71 నమూనాలను గుర్తించి, వాటిలో 13 ప్రధానమైనవాటిని లోతుగా పరిశీలించింది. చాలా ప్రశ్నావళుల విశ్వసనీయత బలహీనంగా కనిపించింది.

2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు పరిశోధకులు సరైన పరీక్ష ఎలా ఉండాలో నిర్దేశించారు. విద్యార్థులను శైలుల వారీగా గుర్తించాలి. ప్రతి వర్గంలోనూ కొందరికి ఒక పద్ధతిలో, మిగిలినవారికి మరో పద్ధతిలో యాదృచ్ఛికంగా పంచి బోధించాలి. చివరికి అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ఒక వర్గానికి మేలు చేసిన పద్ధతి కాక, మరో పద్ధతి రెండో వర్గానికి మేలు చేస్తేనే వాదం నిలుస్తుంది. ఆ ప్రమాణానికి తూగిన ఆధారం తగినంతగా దొరకలేదు. అయినా 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ ఉపాధ్యాయులపై జరిగిన సర్వేలో 90 శాతానికి పైగా ఈ వాదాన్ని నమ్ముతున్నట్లు తేలింది.

ఏ ఇంద్రియం ముఖ్యమన్నది ఎక్కువగా పాఠ్యాంశాన్ని బట్టి ఉంటుంది. కృష్ణా నది గమనాన్ని ప్రతి బిడ్డా పటంలో చూడాలి. ల, ళ ల తేడాను ప్రతి బిడ్డా చెవితో వినాలి. గుణింతాలను ప్రతి బిడ్డా చేత్తో రాయాలి. శ్రవణ అభ్యాసకుడన్న ముద్ర వేసి ఒక బిడ్డకు పటాన్ని దూరం చేయడం అన్యాయమే. అంధ విద్యార్థికి బ్రెయిలీ ఇవ్వడం ఈ చర్చలోకి రాదు. అది శైలి కాదు, అవసరం, హక్కు.

నిలిచిన ఆశయం

అభ్యసనాన్ని బలంగా ప్రభావితం చేసే తేడా పూర్వజ్ఞానంలో ఉందని డేవిడ్ ఆసుబెల్ 1968లో నొక్కి చెప్పారు. కొత్తగా నేర్చుకునేవారికి సాధించి చూపిన లెక్కలూ, పట్టు సాధించినవారికి సొంతంగా సాధించే లెక్కలూ ఎక్కువ మేలు చేస్తాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.

మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల్లో రమ, పద్మనాభరావు దంపతులు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్ల మాదిరిగా అమర్చారు. ప్రతి బిడ్డా తన వేగంతో మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతుంది. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు ఈ పద్ధతి ప్రేరణ అయింది. ప్రథమ్ సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన విధానంలో పిల్లలను వయసును, తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి జట్లుగా కూర్చి బోధిస్తారు. క్షేత్ర ప్రయోగాలు దీనికి గట్టి ఆధారాలు ఇచ్చాయి.

నేటి పరిశోధన ఉపాధ్యాయులకు చెప్పేది ఇదే. ఏ బిడ్డది ఏ శైలి అని ప్రశ్నావళితో తేల్చడం కంటే, భిన్నాల కూడిక మొదలుపెట్టే ముందు ఎవరికి భాగహారం రాదో తెలుసుకోవడం వల్ల బోధన ఎక్కువ మెరుగుపడుతుంది.