ముళ్ళకంచె లోపలి వార్షిక సంచిక

పాఠశాల వార్షిక సంచికలను చరిత్రకారులు సాధారణంగా పట్టించుకోరు. సాహిత్యకారులు అంతకన్నా పట్టించుకోరు. పెద్దల శుభాకాంక్షలు, ప్రధానోపాధ్యాయుని నివేదిక, వరుసలు తీరి నిలబడిన విద్యార్థుల ఛాయాచిత్రాలు, ఈ సంవత్సరం మరపురానిదని ప్రతి సంవత్సరమూ చెప్పే ఒక వ్యాసం. ఇంతకు మించి వాటిలో ఏముంటుందని మన అభిప్రాయం. ఆ అభిప్రాయంలో కొంత న్యాయం లేకపోలేదు. ఏ సంవత్సరానికైనా అతికే వాక్యం ఏ సంవత్సరాన్నీ గుర్తుకు తేలేదు. మరి అటువంటి సంచికలో పదికాలాలపాటు చదివించే కథ ఎలా పుడుతుంది? దీనికి సమాధానం వెదికేవారు 1944లో అమెరికాలో వెలువడిన ఒక ఉన్నత పాఠశాల సంచికను తప్పక తెలుసుకోవాలి. ఆ పాఠశాల ఒక నిర్బంధ శిబిరంలో ఉండేది.

అమెరికాలో ఈ సంప్రదాయం పాతదే. 1806లోనే యేల్ కళాశాల పట్టభద్రులలో కొందరి నీడబొమ్మలను పుస్తకంగా కూర్చారు. అక్షరాల పక్కనే ఛాయాచిత్రాన్ని చౌకగా అచ్చువేయగలిగే హాఫ్‌టోన్ పద్ధతి 1880ల నుండి వ్యాపించాక ‘ఇయర్‌బుక్’ సామాన్య పాఠశాలలకూ అందివచ్చింది. నాటకం, సంగీత బృందం, ఆటల జట్టు, వీడ్కోలు మాటలు – ఇవన్నీ ఉన్న ఆ పుస్తకం అమెరికన్ విద్యార్థి జీవితానికి ఒక ఆనవాలుగా స్థిరపడింది.

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ సంఖ్య గల ఉత్తర్వుపై సంతకం చేశాడు. దాని ఫలితంగా పశ్చిమతీరంలోని జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇళ్ళూ వ్యాపారాలూ విడిచి శిబిరాలకు తరలవలసి వచ్చింది. వారిలో దాదాపు మూడింట రెండు వంతులమంది ఆ దేశంలోనే పుట్టిన పౌరులు. ఏ ఒక్కరి మీదా విచారణ జరగలేదు. ఆ 10 శిబిరాలలో ఒకటి కాలిఫోర్నియాలో, సియెరా నెవాడా పర్వతాల పాదాన, ఓవెన్స్ లోయలోని మాంజనార్. తారుకాగితం కప్పిన చెక్క బారకులలో సుమారు 10,000 మంది కాపురం. చుట్టూ ముళ్ళకంచె, 8 కాపలా బురుజులు. 1942 డిసెంబరు 6న అక్కడ చెలరేగిన గొడవలో సైనికులు కాల్పులు జరపగా ఇద్దరు యువకులు ప్రాణాలు కోల్పోయారు.

బడి అక్కడే మొదలైంది. తొలి రోజులలో బల్లలు కూడా లేక పిల్లలు నేలమీద కూర్చుని చదువుకున్నారు. అటువంటి పాఠశాల విద్యార్థులు 1943-44 సంవత్సరానికి ఒక ఇయర్‌బుక్ తయారుచేసి, దానికి ‘అవర్ వరల్డ్’, అంటే ‘మన లోకం’, అని పేరు పెట్టుకున్నారు. తమది కాని చోటికి, తాము కోరని చోటికి పిల్లలు పెట్టుకున్న పేరది!

పుటలు తిప్పితే మొదట ఆశ్చర్యం కలిగించేది దాని మామూలుతనం. పుస్తకాలు చేతబట్టి నడిచే స్వెట్టర్ల పిల్లలు, ఆటలలో జట్టును ఉత్సాహపరిచే అమ్మాయిలు. అయితే వారు నడుస్తున్నది తారుకాగితపు బారకుల మధ్య. పాఠశాల నాటకం గురించిన పుట మరీ విశేషమైనది. నాటకం పేరు ‘గ్రోయింగ్ పెయిన్స్’; మెకింటైర్ అనే ఒక సాధారణ అమెరికన్ కుటుంబపు ఇంటి కథ. శిబిరంలో భోజనం సామూహిక భోజనశాలలలో. స్నానపు గదులూ ఉమ్మడివే. ఇల్లు పోగొట్టుకున్న పిల్లలు, తమను అనుమానించిన దేశంలోని ఒక మామూలు ఇంటిని రంగస్థలం మీద కట్టి చూపారు. సంచిక రాసినవారు చేసినదల్లా ఏ నాటకం ఆడామో, అది ఎవరి కథో చెప్పడం. వ్యాఖ్యానం లేదు, నిట్టూర్పు లేదు. ఆ పుట ఇన్నేళ్ళ తరువాత కూడా చదువరి గుండెను పట్టుకోవడానికి కారణం అదే.

ఆ కాలపు మాంజనార్ ఛాయాచిత్రాల వెనుక ఉన్న మనిషి టోయో మియటాకే. లాస్ ఏంజిలిస్‌లో పేరున్న ఛాయాగ్రాహకుడు. నిర్బంధితులకు కెమెరాలు నిషిద్ధమైన రోజులలో ఒక కటకాన్ని రహస్యంగా శిబిరంలోకి తెచ్చి, చెక్కపెట్టెతో కెమెరా చేయించుకున్నాడు. తరువాత అధికారులే అతనిని శిబిరపు ఛాయాగ్రాహకునిగా అంగీకరించారు. మొదట్లో మాత్రం మీట నొక్కడానికి ఒక తెల్లజాతి ఉద్యోగి పక్కన ఉండవలసి వచ్చేది!

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నిర్బంధంలో నవ్వుముఖాలు అచ్చువేయడం అన్యాయాన్ని కప్పిపుచ్చడం కాదా? ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చలేము. శిబిరపు పాఠశాల అధికారుల పర్యవేక్షణలోనిదే. అయినా నాకు తోచేదేమంటే, తాము అందరిలాంటి పిల్లలమని చెప్పుకోవడమే ఆ పరిస్థితిలో ఒక ప్రతివాదం. పైగా వ్యాఖ్య చెప్పని దానిని ఛాయాచిత్రపు నేపథ్యం చెబుతూనే ఉంది. ఆ శిబిరంలో బాల్యం గడిపిన జీన్ వకత్సుకి హ్యూస్టన్, భర్త జేమ్స్ హ్యూస్టన్‌తో కలిసి 1973లో ప్రచురించిన ‘ఫేర్‌వెల్ టు మాంజనార్’లో ఈ సంచికను ప్రత్యేకంగా వర్ణించింది. చివరి రెండు పుటలలో పరుచుకున్న చిత్రాన్ని కూడా ఆమె పేర్కొంది: మంచుకొండల కింద, ఆకురాలిన చెట్ల నడుమ వంపు తిరిగిన బాట, దానిపై ఒక వృద్ధ స్త్రీ, వెంట రెండు కుక్కలు.

మరుసటి సంవత్సరం, 1945లో, వచ్చిన సంచిక పేరు ‘వాలెడిక్షన్’, అంటే వీడ్కోలు. అందులో మియటాకే తీసిన ఒక చిత్రం ఉంది: ముళ్ళతీగను పట్టుకారుతో కత్తిరించబోతున్న ఒక చేయి, వెనుక కాపలా బురుజు. చెప్పవలసిన మాటను ఈసారి సూటిగానే చెప్పారు. ఆ నవంబరు 21న శిబిరం మూతపడింది. 1988లో ప్రభుత్వం చట్టం ద్వారా క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు మంజూరు చేసింది. 1992లో మాంజనార్ జాతీయ చారిత్రక స్థలమైంది.

మన బడులలో వార్షిక సంచికలకు రచనలు కోరే ఉపాధ్యాయ మిత్రులకు ఈ చరిత్ర పనికివస్తుందని నా నమ్మకం. “కాలం విలువ” గురించి పిల్లలచేత వ్యాసం రాయించే బదులు, ఆ ఏడు వాన ఏ గదిలోకి కారిందో, నాటకంలో రాజు కిరీటం దేనితో చేశారో, మధ్యలో బడి మానేసిన స్నేహితుడు ఎక్కడికి పోయాడో రాయమనండి. పేర్లు, తేదీలు సరిగా ఉండనివ్వండి. పెద్దలు దిద్దేటప్పుడు అక్షరదోషాలు దిద్దితే చాలు, జరిగినదానిని దిద్దవద్దు. మాంజనార్ పిల్లలకు తాము చరిత్ర రాస్తున్నామని తెలిసినా తెలియకపోయినా, ఆ ఏడు ఏ నాటకం ఆడారో మాత్రం రాసిపెట్టారు. ఆపై అర్థం చేసుకునే బాధ్యత చదివేవారిది.