పుట్టిల్లు, మెట్టినిల్లు: ఒక ఫైలు కథ

రెండు ప్రాజెక్టులకు ఒకే సోర్సు ఫైలు కావలసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? రెండు చోట్లా చెరొక నకలు ఉంచుకోవాలా, ఒక్క ఫైలునే రెండూ పంచుకోవాలా? ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకునే మాబోటివారికి నిత్యమూ ఎదురయ్యే ఈ చిన్న ప్రశ్నకు డెబ్భై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర నేను ముచ్చటపడి చదివింది కాదు. చేసిన తప్పొకటి నిద్రపట్టనివ్వక వెతుక్కున్నది. కనుక ముందు ఆ తప్పే చెప్పుకుంటాను.

2003లో హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. రెండు కర్మాగారాలకు జీతాల లెక్కల ప్రోగ్రాములు మావే. పని గంటలు లెక్కకట్టే ఫైలు ఒక్కటే; రెండు ప్రాజెక్టులూ దానినే పంచుకునేవి. మొదటి కర్మాగారం వారు ఓవర్‌టైమును ఇకమీదట పావుగంటల లెక్కన కాక అరగంటల లెక్కన కట్టమన్నారు. ఒక్క అంకె మార్చాను, పరీక్షించి చూశాను, సరిగానే ఉంది. నెలాఖరున రెండో కర్మాగారం నుండి గుమాస్తాగారు ఫోను చేశారు.

"బాబూ, ముప్పావుగంట అదనంగా పనిచేసినవాడికి మీ ప్రోగ్రాము అరగంటకే డబ్బు కడుతోందేమిటి? నేను చేత్తో వేసి చూశానులే."

ఆ పెద్దమనిషి పాత అలవాటు కొద్దీ చేత్తో లెక్క సరిచూసుకోకపోతే, ఆ కూలీల పావుగంటలు ఎవరి కంటా పడేవి కావు. ఆ ఫైలుకు మరో ఇల్లు కూడా ఉందన్న సంగతి నేను మరచాను.

బెదిరిపోయి, అటుపైన పంచుకోవడం మాని నకళ్ళు పెట్టుకున్నాను. ఏడాది తిరగకుండానే 2004 ఫిబ్రవరి 29 వచ్చింది. తేదీల లెక్కలో దొర్లిన పొరపాటును ఒక నకలులో దిద్ది, రెండోదాన్ని మరచిపోయాను. నకళ్ళు పెరిగేకొద్దీ పాఠాంతరాలు పుడతాయని తాళపత్రాల చరిత్ర తెలిసిన మనకు వేరే చెప్పాలా!

ఇక అసలు చరిత్ర. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందం నిర్మించిన ఎడ్‌శాక్ యంత్రం 1949 మే నెలలో తొలి ప్రోగ్రామును నడిపింది. తరచుగా అవసరమయ్యే లెక్కలను మళ్ళీమళ్ళీ రాయనక్కరలేకుండా, చిల్లుల కాగితపు పట్టీల మీద ఉపక్రమాలుగా భద్రపరచారు. 1951 నాటికి అందరూ వాడుకోదగినవి 87 పోగయ్యాయి. ఆ ఏడాదే విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ ఆ పద్ధతిని వివరిస్తూ పుస్తకం ప్రచురించారు. కావలసిన పట్టీని బీరువాలోంచి తీసి, దాని చిల్లులను తన ప్రోగ్రాము పట్టీ మీదికి యంత్రంతో ఎక్కించుకునేవారు. అంటే తొలినాటి పంపకం నకలే. 1955లో అమెరికాలో ఐ.బి.ఎం. యంత్రాలు వాడేవారు కలిసి స్థాపించుకున్న సంఘానికి ఏకంగా 'షేర్' అనే పేరు పెట్టుకున్నారు. ఎవరికి వారు అవే ప్రోగ్రాములు రాసుకునే వృథాశ్రమ వారిని ఒకచోట చేర్చింది.

నకళ్ళు పెరిగాక, ఏది ఎప్పటిదో తెలుసుకోవడం సమస్య అయింది. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్ ఎస్.సి.సి.ఎస్. అనే పనిముట్టును తయారుచేశారు. ఫైలులో జరిగిన ప్రతి మార్పునూ అది వరుసగా దాచేది. 1990లలో మన ఊళ్ళ కార్యాలయాల్లోనూ విరివిగా కనిపించిన విజువల్ సోర్స్‌సేఫ్ మరో అడుగు వేసి, ఒకే ఫైలును అనేక ప్రాజెక్టులలో కనబడేలా పంచే సౌకర్యమిచ్చింది. ఒకచోట మార్చి జమచేస్తే అన్నిచోట్లా మారుతుంది. అలా మారడం ఇష్టం లేనివారు తమ ప్రాజెక్టులో ఆ ఫైలును ఒక పాత రూపం దగ్గరే మేకు కొట్టి నిలుపుకోవచ్చు, లేదా పూర్తిగా వేరుపడవచ్చు. ఇలాంటి మేకు ఉంటుందని నాకు తెలిసీ వాడలేదు. ఆ నేరం నాదే.

మేకుతో సర్వం చక్కబడుతుందా అంటే, 1996 జూన్ 4న జరిగినది చూడాలి. ఆనాడు ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి లేచిన ఏరియాన్ 5 తొలి రాకెట్టు నలభై సెకన్లలోపే దారితప్పి, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా తునకలైంది. దిశను కనిపెట్టే పరికరంలోని ప్రోగ్రామును ఏరియాన్ 4 నుండి తెచ్చుకున్నారు. ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుదించే చోటుంది అందులో. ఏరియాన్ 4 వేగానికి ఆ సంఖ్య అందులో పట్టేది. ఏరియాన్ 5 అడ్డవేగానికి పట్టలేదు. ఒక పరికరం చెడితే ఆదుకోవాల్సిన రెండోదానిలోనూ అదే ప్రోగ్రాము కనుక, రెండూ ఒక్కసారే మూగబోయాయి. ఇంతకీ ఏరియాన్ 5 నేల విడిచాక ఆ లెక్కతో పనే లేదు! జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ సంఘం జులైలో ఇచ్చిన నివేదిక ఇదంతా వివరించింది.

ఇక్కడ ఎవరూ పొరపాటున ఫైలు మార్చలేదు, నకళ్ళ మధ్య తేడా రాలేదు. పుట్టింట్లో ఆ ప్రోగ్రాము నిష్కళంకం. కానీ అది పుట్టింటి అలవాట్లను వెంటబెట్టుకుని మెట్టినింటికి వచ్చింది. ఆ అలవాట్లేమిటో మెట్టినింటివారు అడగలేదు. నా పావుగంటల కథా అంతే. ఫైలులో అంకె ఉంది. ఆ అంకె ఎవరి ఒప్పందమో లేదు.

2005లో పుట్టిన గిట్‌కు 2007లో సబ్‌మాడ్యూల్ సదుపాయం చేరింది. తెచ్చుకున్న ప్రోగ్రాము తాలూకు ఏ రూపాన్ని వాడుతున్నామో అది ఖచ్చితంగా నమోదు చేస్తుంది. మనం కోరితే తప్ప కొత్త రూపం రాదు. మంచిదే. అయినా ఏ పనిముట్టైనా అక్షరాలను కాపాడగలదే గాని, వాటి వెనుక ఉన్న నమ్మకాలను కాపాడలేదు. అందుకే పంచుకునే ప్రతి ఫైలు నెత్తినా నేనిప్పుడు రెండు సంగతులు రాస్తున్నాను: ఇది ఏయే ఇళ్ళలో కాపురముంటోంది, వేటిని నిజమని నమ్మి రాశాను. మార్చిన ప్రతిసారీ ఆ జాబితాలోని ఇళ్ళన్నిటి లెక్కలూ వేసి చూస్తాను, కనీసం ఒక్కటైనా చేత్తో.

ఆ చివరి అలవాటు గుమాస్తాగారిది. ఆయనను నేనెన్నడూ చూడలేదు.