విద్యార్థి వీసాపై పెరిగిన నిఘా

2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన ఆరు నెలలకు ఫ్లోరిడాలోని ఒక పైలట్ శిక్షణ స్కూలుకు ఇమిగ్రేషన్ శాఖ నుంచి కాగితాలు వచ్చాయి. ఆ దాడుల్లో విమానాలు నడిపి చనిపోయిన మహమ్మద్ అట్టా, మార్వాన్ అల్ షెహీలకు విద్యార్థి హోదా మంజూరైందని వాటి సారాంశం. అమెరికా నివ్వెరపోయింది. విదేశీ విద్యార్థుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలని 1996లోనే చట్టం చేసినా, ‘సెవిస్’ అనే ఆ వ్యవస్థ పట్టాలెక్కింది 2003లో. అందులో రికార్డు రద్దయితే విద్యార్థి స్టేటస్‌కే ముప్పు.

కానీ విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం ఇచ్చే కాలేజీయే దొంగదైతే?

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేశారు. చదువుతున్నవాళ్లలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది! యజమానురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అయితే అంతకుముందే కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. భారత ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది.

ఆ తర్వాత అమెరికా ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీలు తెరిచింది. న్యూజెర్సీలో ఒకటి పెట్టి 2016లో 21 మంది వీసా దళారులను పట్టుకుంది. మిచిగాన్‌లో తెరిచిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మరో అడుగు ముందుకేసింది. వెబ్‌సైట్ ఉంది, ఆఫీసు ఉంది, ఫీజు వసూలు ఉంది. పాఠాలు లేవు, మాస్టార్లు లేరు. 2019 జనవరిలో గుట్టు విప్పి ఎనిమిది మంది రిక్రూటర్లపై కేసులు పెట్టారు, విద్యార్థులను వందల్లో అరెస్టు చేశారు. వారిలో తెలుగువాళ్లు ఎందరో. క్లాసులు లేవని తెలిసే చేరారన్నది అధికారుల వాదన. కొందరికి తెలిసే ఉండవచ్చు. అయినా గుర్తింపు ఉన్నట్టు చూపించి, ఫీజులు పుచ్చుకుని, తర్వాత బేడీలు వేయడం న్యాయం అనిపించుకోదు. కట్టిన ఫీజు కోసం వేసిన దావాను కింది కోర్టు కొట్టేసినా, 2024లో ఫెడరల్ అప్పీలు కోర్టు దానికి మళ్లీ ప్రాణం పోసింది.

2025లో దొంగ కాలేజీ ఊసే లేకుండా వేటు పడింది. వసంతకాలంలో వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. ట్రాఫిక్ ఉల్లంఘనలు, ఎప్పుడో కొట్టేసిన కేసులు ఉన్నవాళ్లు కూడా చిక్కుకున్నారు. చదువు మధ్యలో, విద్యార్థి వీసాపైనే చేసే ఓపీటీ ఉద్యోగం మధ్యలో ఏం చేయాలో తోచక వాళ్లు కోర్టుల మెట్లెక్కారు. జడ్జీలు వరసగా స్టేలు ఇవ్వడంతో ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరించింది. మే నెలాఖరులో కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల బుకింగ్ ఆపేసి, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మరో షరతు చేర్చింది: దరఖాస్తుదారు సోషల్ మీడియా ఖాతాలన్నీ అధికారులు చూసేలా పబ్లిక్‌గా ఉంచాలి.